జాబితాకెక్కని భవనాలు



మీలో కొందరు ఈ మాటలు మాదాపూర్‌లోనో, కొండాపూర్‌లోనో, గచ్చిబౌలిలోనో ఉండి వింటుంటారు. కొందరు ఆఫీసు క్యాబ్‌లో, సిగ్నల్ దగ్గర ఆగి వింటుంటారు. పిల్లలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్తే, మనవళ్లను చూసుకోవడానికి ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లూ ఉంటారు. ఇవాళ నేను చెప్పబోయే దాంట్లో మీ అందరికీ పని ఉంది.

వారసత్వ కట్టడం అనగానే మనకు చార్మినార్ గుర్తొస్తుంది. గోల్కొండ గుర్తొస్తుంది. రామప్ప గుడి గుర్తొస్తుంది. సర్కారు ఆఫీసు గుర్తొస్తుందా? రాదు. ఆఫీసు అంటే క్యూ. ఆఫీసు అంటే ఫైలు. పని అయిపోతే చాలు, వెనక్కి తిరిగి చూడం. ఆ భవనం ఎవరు కట్టారో, ఎన్నేళ్లదో అడగం. అందుకే ఇవాళ ఆ ఆఫీసుల గురించే మాట్లాడాలనుకున్నాను.

మీరు రాయదుర్గం స్టేషన్‌లో మెట్రో ఎక్కారనుకోండి. హైటెక్ సిటీ, దుర్గం చెరువు, మాదాపూర్, పెద్దమ్మ గుడి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటుకుంటూ అమీర్‌పేట చేరతారు. అక్కడ దిగి, ఎల్బీనగర్ వెళ్లే రైలు ఎక్కండి. మొదట పంజగుట్ట వస్తుంది. ఆ తర్వాత ఎర్రమంజిల్. రోజూ వేలమంది ఆ పేరు స్పీకర్లో వింటారు. అది ఒక భవనం పేరు అని ఎంతమందికి తెలుసు?

స్టేషన్‌కు దగ్గర్లోనే, చిన్న గుట్ట మీద ఉంది ఆ భవనం. నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించుకున్న నివాసం. నిజాం కొలువులో మంత్రిగా చేసిన మనిషి ఆయన. నూట యాభైకి పైగా గదులు. యూరప్ పద్ధతి స్తంభాలు, గోడల నిండా సున్నంతో తీర్చిన పూలూ తీగలూ. విందులు జరిగేవి. పోలో ఆట ఉండేది. తర్వాత కాలం మారింది. నవాబుల ఇల్లు ప్రభుత్వం చేతికి వచ్చింది. కొన్నాళ్లు అందులో సర్కారు రికార్డులు దాచారు. ఆ పైన ఇంజినీర్లు వచ్చారు. రోడ్లు భవనాల శాఖ, నీటిపారుదల శాఖ. విందులు జరిగిన చోట బల్లలు వేసి, బీరువాలు పెట్టారు.

నవాబు ఉన్న కాలం కంటే, ఆఫీసు నడిచిన కాలమే ఆ భవనానికి పెద్ద గౌరవం అని నా నమ్మకం. నవాబు ఉన్నప్పుడు లోపలికి వెళ్లగలిగినవాళ్లు ఎంతమంది? పిలుపు అందిన కొద్దిమంది. ఆఫీసు అయ్యాక ఎవరైనా వెళ్లొచ్చు. బిల్లు రాని కాంట్రాక్టరు వెళ్లొచ్చు. బదిలీ కోసం వర్క్ ఇన్‌స్పెక్టరు వెళ్లొచ్చు. తమ ఊరికి రోడ్డు ఎప్పుడు వేస్తారని అర్జీ పట్టుకుని సర్పంచి వెళ్లొచ్చు. ఒక మహలు జనం చేతికి రావడమంటే ఇదే. మన చరిత్రలో ఇది చిన్న మార్పు కాదు.

ఇక 2019కి వద్దాం. ఎర్రమంజిల్‌ను పడగొట్టి, ఆ స్థలంలో కొత్త శాసనసభ కట్టాలని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఆ ఏడాది జూన్ 27న భూమి పూజ కూడా అయింది. పౌరులు కోర్టుకు వెళ్లారు. మూడు నెలలు తిరక్కుండానే, సెప్టెంబరు 16న తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. ప్రధాన న్యాయమూర్తి రాఘవేంద్ర సింగ్ చౌహాన్, న్యాయమూర్తి షమీమ్ అఖ్తర్ కూర్చున్న ధర్మాసనం అది. మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. భవనం నిలిచింది.

ఎందుకు నిలిచింది? ఇది కాస్త జాగ్రత్తగా వినండి. అందంగా ఉందని నిలవలేదు. పాతదని మాత్రమే నిలవలేదు. ఒక జాబితాలో దాని పేరు ఉంది కాబట్టి నిలిచింది. 1995లో హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ, అంటే మనం హుడా అని పిలుచుకున్న సంస్థ, తన నిబంధనల్లో పదమూడోదాని కింద నగరంలోని ముఖ్యమైన కట్టడాల జాబితా ఒకటి చేర్చింది. అందులో ఎర్రమంజిల్ ఉంది. 2015లో ప్రభుత్వం ఆ నిబంధననే తీసేసింది. అయినా కోర్టులో వాదించడానికి ఆ జాబితాయే పనికొచ్చింది. ఒకసారి కాగితం మీద పేరు ఎక్కింది కాబట్టి, దాన్ని ముట్టుకునే ముందు ఒక పద్ధతి ప్రకారం నడవాలి, ఆ పద్ధతి పాటించలేదు అని చెప్పగలిగారు. మళ్లీ చెబుతున్నాను. ఆ భవనాన్ని నిలబెట్టింది జాబితాలో ఉన్న పేరు.

అన్ని ఆఫీసులకూ ఆ అదృష్టం లేదు. ఎర్రమంజిల్ నుంచి మరి కాస్త దూరం వెళ్తే సైఫాబాద్. అక్కడ 1888లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో కట్టిన సైఫాబాద్ ప్యాలెస్ ఉండేది. నిజాం చూడడానికి వస్తుంటే దారిలో ఏదో జంతువు అడ్డం వచ్చిందనీ, అపశకునమని వెనక్కి తిరిగిపోయాడనీ, భవనానికి తాళం పడిందనీ కథగా చెప్పుకుంటారు. ఆ కథ నిజమో కాదో గానీ, ఆ తర్వాత అది పాలనకు కేంద్రమైంది. సచివాలయంలో జీ బ్లాక్ అంటే అదే. ఎన్ని జీవోలు అక్కడ పుట్టాయో! 2020 జూలైలో పాత సచివాలయం మొత్తంతో పాటు దాన్నీ కూల్చేశారు. 2023 ఏప్రిల్ 30న అక్కడ కొత్త సచివాలయం మొదలైంది. కొత్త సచివాలయం అవసరమే కావచ్చు. అంత పెద్ద ఆవరణలో ఒక మూల ఆ ఒక్క భవనాన్ని ఉంచి ఉంటే బాగుండేది. ఈ మాట ఇప్పుడు అన్నా లాభం లేదు, కానీ అనకుండా ఉండలేను.

బుల్డోజరు రాకముందే ఆఫీసు భవనాలు చావడం మొదలుపెడతాయి. అది ఎలా జరుగుతుందో చెబుతాను. మీ ఊళ్లో పాత తహసీలు ఆఫీసో, పాత పోలీసు స్టేషనో ఉంటే వెళ్లి చూడండి, ఇదే కనిపిస్తుంది.

ఆ రోజుల్లో గోడలకు వాడింది గానుగ సున్నం. డంగు సున్నం అని కూడా అంటారు. గుండ్రటి కాలువలో సున్నం, ఇసుక, నీళ్లు పోసి, ఎద్దును కట్టి రాతి చక్రంతో రోజుల తరబడి తిప్పేవారు. వెన్నలా మెత్తబడేదాకా తిప్పేవారు. కొందరు మేస్త్రీలు బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపేవారు. ఈ సున్నం గోడకు ఒక గుణం ఉంది. వానాకాలం తేమ పీల్చుకుంటుంది, ఎండాకాలం వదిలేస్తుంది. గోడ ఊపిరి పీలుస్తుందని మేస్త్రీలు అనేది అందుకే.

ఇప్పుడు ఏమవుతుంది? పైకప్పు మీద నీళ్లు పోయే గొట్టంలో ఆకులు అడ్డం పడతాయి. ఏ పిచ్చుకో, కాకో వేసిన గింజ గోడ అంచున మొలుస్తుంది. రావి మొక్క. నాలుగు ఆకులున్నప్పుడు చేత్తో పీకేస్తే పోతుంది. ఎవరూ పీకరు. అది ఎవరి పనీ కాదు. రెండు వానాకాలాలు పోయేసరికి వేరు గోడ లోపలికి దిగుతుంది. తడి మరక కనిపిస్తుంది. అప్పుడు మరమ్మతు కోసం కొంచెం డబ్బు వస్తుంది. ఆ డబ్బుతో ఏం చేస్తారు? సిమెంటు పూత పూస్తారు. పైన ఆయిల్ పెయింటు వేస్తారు. చూడడానికి శుభ్రంగా ఉంటుంది. లోపల తేమకు బయటికి దారి మూసుకుపోయింది. వెనకాల ఉన్న సున్నం పిండిలా రాలిపోతుంది. వేలితో గోడ మీద కొట్టి చూడండి, డొల్ల చప్పుడు వస్తుంది. ఇంకో రెండేళ్లకు పెచ్చులు ఊడి కింద పడతాయి. ఇంజినీరు వచ్చి శిథిలావస్థ అని రాస్తాడు. సిబ్బందిని అద్దె ఇంటికి మారుస్తారు. తాళం వేస్తారు. తాళం పడిన రోజు నుంచి ఇంకా తొందరగా పాడవుతుంది. చివరికి కూల్చేటప్పుడు అందరూ ఒకే మాట అంటారు: పాతబడిపోయింది కదా!

పాతబడి పోలేదు. సున్నం గోడకు సిమెంటు పూసినందుకు పోయింది. చేత్తో పీకాల్సిన మొక్కను పీకనందుకు పోయింది.

మరమ్మతు చేతకాని పని కాదని మనమే చూపించాం. మొజంజాహీ మార్కెట్ తెలుసుగా? 1935లో రాతితో కట్టిన మార్కెట్. మున్సిపాలిటీ ఆస్తి. ఐస్‌క్రీమ్ తినడానికి వెళ్లని హైదరాబాదీ ఉండడు. ఎన్నో ఏళ్లు బోర్డుల కింద, వైర్ల కింద, మసి కింద దాగిపోయింది. దాన్ని శుభ్రం చేసి, మరమ్మతు చేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. దుకాణాలు పోలేదు. ఐస్‌క్రీమ్ పోలేదు. పని నడుస్తూనే భవనం బాగుపడింది.

ఇక మన ఐటీ కారిడార్‌కు వస్తాను. ఇక్కడ వారసత్వం ఏముంది, అంతా నిన్న మొన్న కట్టిందే కదా అంటారు. ఆ హుడా నిబంధన గురించి చెప్పాను కదా. ఈ కారిడార్ నుంచి కూడా కొన్ని పేర్లు ఆ జాబితాలో చేరాయి. అవి రాళ్లు. దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు. శిల్పారామంలో ఎలుగుబంటి ముక్కులా కనిపించే బండ. సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో పుట్టగొడుగు ఆకారంలో ఉన్న బండ. కోట్ల ఏళ్ల రాళ్లను కాపాడాలని అడిగినవాళ్లకు మనం చేతులెత్తి దండం పెట్టాలి.

కానీ ఆ జాబితా రాసినప్పుడు సైబర్ టవర్స్ పుట్టనే లేదు.

సైబర్ టవర్స్‌ను వారసత్వ కట్టడం అనాలని నేను కోరుతున్నాను. ఎందుకో చెబుతాను. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ, ఎల్ అండ్ టీ కలిసి దాన్ని కట్టాయి. పద్నాలుగు నెలల్లో లేచింది. 1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. అప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. చుట్టూ అప్పుడు ఏమున్నాయి? బండలు, పొదలు, నాలుగు ఊళ్లు, పక్కన శిల్పారామం. మధ్యలో ఈ గుండ్రటి పది అంతస్తుల భవనం. నడుమ ఖాళీ ఆవరణ, దాని చుట్టూ నాలుగు భాగాలు. అక్కడి చిరునామాలు కూడా అలాగే ఉంటాయి. ముందు అంతస్తు అంకె, తర్వాత క్యూ అక్షరం, తర్వాత ఏ భాగమో చెప్పే అంకె.

అలా ఆరో అంతస్తు, మూడో భాగంలో ఒక సర్కారు ఆఫీసు ఉండేది. సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా, ఎస్‌టీపీఐ. దాని పని ఏమిటో వినండి. మిరపకాయలు ఎగుమతి చేస్తే ఓడరేవులో కస్టమ్స్ వాళ్లు బస్తాలు లెక్కపెడతారు. మరి సాఫ్ట్‌వేర్‌ను ఎవరు లెక్కపెడతారు? అది తీగ మీద వెళ్లిపోతుంది, కంటికి కనిపించదు. అందుకని సాఫ్టెక్స్ అని ఒక ఫారం పెట్టారు. ఫలానా కంపెనీ ఇంత విలువైన పని విదేశానికి పంపింది అని రాసి తెస్తే, ఎస్‌టీపీఐ అధికారి చూసి ధ్రువీకరించాలి. అంటే తెలుగువాళ్ల మేధస్సు దేశం దాటి వెళ్లేటప్పుడు దానికి కస్టమ్స్ గేటు అక్కడే ఉండేది. రేపు ఈ ప్రాంత చరిత్ర రాసేవాళ్లకు ఆ గది కావాలి.

అమీర్‌పేటలో రైలు మారాలని చెప్పాను కదా. అక్కడ మైత్రీవనం ఉంది. అదీ హుడా కట్టిన భవనమే. నిజామాబాద్ నుంచి, శ్రీకాకుళం నుంచి, అనంతపురం నుంచి బస్సు దిగి వచ్చిన పిల్లలు ఆ బోర్డుల మధ్య నిలబడి, జావా చేరాలా, ఒరాకిల్ చేరాలా, టెస్టింగ్ చేరాలా అని తేల్చుకున్నారు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో స్థిరపడిన ఎందరికో మైత్రీవనం అంటే కళ్లు చెమ్మగిల్లుతాయి. భవనం అందగత్తె ఏమీ కాదు. అయినా మన తరం తెలుగువాళ్ల జీవితం మలుపు తిరిగిన చోటుల్లో అది ఒకటి.

అద్దాల బిల్డింగు, సిమెంటు బిల్డింగు వారసత్వమేమిటి, వందేళ్లు కావద్దా అని అడుగుతారు. ఢిల్లీలో ఇలాగే అడిగారు. ప్రగతి మైదాన్‌లో 1972లో తెరిచిన హాల్ ఆఫ్ నేషన్స్ ఉండేది. వాస్తుశిల్పి రాజ్ రేవాల్. ప్రపంచంలోని నిపుణులు చూసి మెచ్చుకున్న కట్టడం. అరవై ఏళ్లు దాటినవాటినే పరిశీలిస్తామన్నారు. అది నలభై అయిదేళ్లది. 2017 ఏప్రిల్‌లో ఒక రాత్రి కూల్చేశారు. అరవై ఏళ్లు నిండడానికి పదిహేనేళ్లే తక్కువ.

అమెరికాలో బోస్టన్ నగరం ఇంకో దారి పట్టింది. అక్కడి నగర పాలక సంస్థ ఆఫీసు 1960లలో కట్టింది. ముడి కాంక్రీటు. దాన్ని అసహ్యమని తిట్టనివాళ్లు తక్కువ. కూల్చేద్దామన్నవాళ్లూ ఉన్నారు. 2025 జనవరిలో ఆ నగరం దాన్ని అధికారికంగా వారసత్వ కట్టడంగా ప్రకటించింది. జనం అక్కడికి వెళ్తారు, పనులు చేయించుకుంటారు. అదే కిటికీ, అదే మెట్లు.

మన దగ్గర తొందరపడాల్సిన కారణం ఉంది. 2023 సెప్టెంబరు 23, శనివారం. మాదాపూర్ మైండ్‌స్పేస్‌లో రెండు పెద్ద ఆఫీసు భవనాలను పేలుడు పదార్థాలు పెట్టి కొన్ని సెకన్లలో నేలమట్టం చేశారు, ఆ స్థలంలో కొత్తవి కట్టడానికి. ప్రైవేటు స్థలం, వాళ్ల ఇష్టం. తప్పు పట్టను. కానీ ఒకటి గమనించండి. ఈ కారిడార్‌లో భవనం ఆయుష్షు మనిషి ఉద్యోగ జీవితం కంటే తక్కువ. వందేళ్లు నిండాక చూద్దామంటే, వందేళ్లు నిండేది ఇక్కడ ఒక్కటీ మిగలదు.

ఇంకా నష్టపోయినవి ఉన్నాయి. మాదాపూర్, కొండాపూర్, నానక్‌రాంగూడ, ఖాజాగూడ ఇవన్నీ ఒకప్పుడు ఊళ్లు. శేరిలింగంపల్లి ఒక మున్సిపాలిటీగా ఉండేది. 2007 ఏప్రిల్ 16న అలాంటి 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు హైదరాబాద్ నగర పాలక సంస్థతో కలిసి జీహెచ్‌ఎంసీ అయింది. మన పల్లెల్లో పంచాయతీ ఆఫీసు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒకటి రెండు గదులు, ముందు అరుగు, జెండా కర్ర, వేప చెట్టు. మేడ మీద లౌడ్‌స్పీకరు పెట్టి సాయంత్రం ఇదే రేడియోలో వ్యవసాయ కార్యక్రమం వినిపించేవారు. ఊరంతా అరుగు మీద కూర్చుని వినేది. ఈ చుట్టుపక్కల అలాంటి ఆఫీసులు ఎక్కడుండేవో చూపించగలిగినవాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లు మాత్రమే. వాళ్లు ఉండగానే అడగాలి.

జాబితాలో చేర్చడమంటే భవనానికి తాళం వేసి మ్యూజియం చేయడం కాదు. లిఫ్టు మార్చుకోవచ్చు. వైర్లు మార్చుకోవచ్చు. వికలాంగులకు ర్యాంపు కట్టాలి, కట్టి తీరాలి. ఆఫీసు నడవాలి, జనం రావాలి. కూల్చే ముందు మాత్రం ఒకరిని అడగాలి, ఎందుకో చెప్పాలి, జనం మాట వినాలి. జాబితా చేసేది అంతే. ఎర్రమంజిల్ విషయంలో అంతే చేసింది, అదే చాలింది.

తెలంగాణకు 2017లో చేసుకున్న వారసత్వ చట్టం ఉంది. హుడా స్థానంలో వచ్చిన హెచ్‌ఎండీఏ ఉంది. వాళ్లకు నా విన్నపం ఇది. ఐటీ కారిడార్‌కు విడిగా ఒక జాబితా రాయండి. సైబర్ టవర్స్‌ను మొదటి పేరుగా పెట్టండి. మైత్రీవనం హెచ్‌ఎండీఏ సొంత భవనమే కాబట్టి, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, దాన్ని చేర్చండి. పంచాయతీ కాలం నాటి గది ఒక్కటి ఎక్కడ మిగిలి ఉన్నా వెతికి రాయండి.

శ్రోతలకు నా విన్నపం ఇంకోటి. చాలా సర్కారు భవనాలకు గుమ్మం పక్కన ఒక శిలాఫలకం ఉంటుంది. ఎవరు పునాది వేశారో, ఎవరు ప్రారంభించారో, ఏ తేదీనో చెక్కి ఉంటుంది. ఈసారి ఆస్తి పన్ను కట్టడానికో, జనన ధ్రువపత్రానికో, రిజిస్ట్రేషన్‌కో వెళ్లినప్పుడు ఆ రాయి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఫోన్‌లో ఫొటో తీయండి. భవనం ముందు భాగం ఇంకో ఫొటో తీయండి. మీ కాలనీలో ఉన్న పాత ఊరి పెద్దాయనను అడిగి, ఆ భవనం ఎప్పుడు కట్టారో, ముందు అక్కడ ఏముండేదో నాలుగు ముక్కలు రాసి పెట్టుకోండి. ఆ కాగితం, ఆ ఫొటోలు కలిపి మీ కాలనీ సంఘం తరఫున హెచ్‌ఎండీఏకు ఒక అర్జీగా పంపండి. ఆ అర్జీ మీద రెండే మాటలు రాయండి: జాబితాలో చేర్చండి.